పాలతొట్లలో ద్రాక్షరసం

శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర గోల్డెన్ గేట్ వంతెన దాటి ఉత్తరంగా సుమారు 70 మైళ్ళు పోతే హీల్డ్స్‌బర్గ్ అనే చిన్న ఊరు వస్తుంది. అక్కడ పెద్ద రోడ్డు వదిలి వెస్ట్‌సైడ్ రోడ్డు అనే సన్నటి దారి పట్టుకుంటే, ఇక ఒక పక్క కొండలు, ఒక పక్క రష్యన్ నది. కాలిఫోర్నియాలో రష్యన్ నది ఏమిటని పాఠకులు ఆశ్చర్యపడవచ్చు. 1812లో రష్యా వర్తకులు ఇక్కడికి దగ్గరి సముద్రతీరాన ఒక కోట కట్టుకుని ముప్పై యేళ్ళకు కాస్త తక్కువగా కాపురం చేశారు. తరువాత కోట అమ్ముకుని వెళ్ళిపోయారు. వాళ్ళు పోయినా నదికి వాళ్ళ పేరు ఉండిపోయింది. వెళ్ళిపోయినవాళ్ళ పేరు మోయడం ఈ లోయకు కొత్త కాదని చెప్పడానికే ఈ మాట ముందుగా చెబుతున్నాను.

నేను వెళ్ళింది సెప్టెంబరు నెలలో. పొద్దున్నే లోయంతా మంచు. అది మన సంక్రాంతినాటి మంచు వంటిది కాదు. పసిఫిక్ మహాసముద్రం మీదనుంచి నది వెంబడి పాకివచ్చే చల్లని పొగమంచు. పదకొండు గంటల దాకా సూర్యుడు కనపడడు. మధ్యాహ్నం ఎండ మండుతుంది. రాత్రికి మళ్ళీ దుప్పటి కావాలి. పీనో న్వార్ అనే నల్లద్రాక్షకు ఈ వాతావరణమే ప్రాణమట. ఆ ద్రాక్ష తొక్క మహా పలచన. ఎక్కువ ఎండ తగిలితే కమిలిపోతుంది. ఎక్కువ తడి తగిలితే కుళ్ళిపోతుంది. దాని సొంత ఊరు ఫ్రాన్సు దేశంలోని బర్గండీ. ఒకప్పుడు ఈ లోయలో బీరులో వేసే హాప్ పంట, ప్రూన్ పళ్ళ తోటలు ఉండేవి. హాప్ ఎండబెట్టిన పాత కొట్లు ఇప్పటికీ రోడ్డుపక్కన కనిపిస్తాయి. 1968 ప్రాంతంలో రోకియోలి అనే ఇటలీ రైతు కుటుంబంవారు ఇక్కడ పీనో తీగ నాటారు. మన కథకు అదే విత్తనం.

తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు వైను గొడవ ఎందుకని అడుగుతారేమో! నేను తాగను. మా వంశంలో ఎవరూ తాగినట్టు చెప్పుకోరు. కాని శాన్‌హొజేలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు ఒక వైను కంపెనీకి చందాదారు. చందాదారు అనడం హాస్యానికి కాదు. అక్కడ పేరు నమోదు చేయించుకుంటే, మన వంతు వచ్చినప్పుడు ఇన్ని సీసాలు నీకు అని ఉత్తరం వస్తుంది. డబ్బు పంపితే సీసాలు ఇంటికి వస్తాయి. ఆ జాబితాలో పేరు ఎక్కడానికి ఒకనాడు జనం యేళ్ళ తరబడి కాచుకున్నారట. “మామయ్యా, ఈ ఏడు మానేద్దామనుకుంటున్నాను. మునుపటి రుచి లేదంటున్నారు. మానేముందు ఒకసారి చూసివద్దాం, మీరూ రండి” అని వాడు బయలుదేరదీశాడు. ఆ కంపెనీ పేరు విలియమ్స్ సెల్యెం.

పేరులో ఉన్నవాళ్ళు ఇద్దరు స్నేహితులు. బర్ట్ విలియమ్స్ శాన్‌ఫ్రాన్సిస్కోలో దినపత్రికల అచ్చుపని చేసే కార్మికుడు. ఎడ్ సెల్యెం ఒక సరుకుల దుకాణంలో వైను కొనుగోళ్ళు చూసే ఉద్యోగి. 1979లో ఫారెస్ట్‌విల్ అనే పల్లెలో రెండు కార్లు పట్టే షెడ్డులో, శని ఆదివారాలు సరదాకు వైను చేయడం మొదలుపెట్టారు. 1981 పంటతో అమ్మకం ప్రారంభించారు. మొదట వేరే పేరు పెట్టుకున్నారు గాని, అటువంటి పేరే ఉన్న మరో కంపెనీ అభ్యంతరం చెప్పడంతో 1984లో తమ ఇంటిపేర్లే తగిలించుకున్నారు. వాళ్ళకు సెంటు ద్రాక్షతోట లేదు. సొంత కొట్టు లేదు. రోకియోలి వంటి రైతుల దగ్గర మంచి ద్రాక్ష కొనేవారు. తరువాత వెస్ట్‌సైడ్ రోడ్డు పక్కనే ఒక తోట యజమాని దగ్గర షెడ్డు అద్దెకు తీసుకున్నారు. చేతిలో డబ్బు లేదు కనుక, పాలకేంద్రాలలో వాడి తీసేసిన ఉక్కు తొట్లు కొనుక్కొచ్చి వాటిలో ద్రాక్ష పులియబెట్టారు.

ఈ తొట్ల సంగతి కాస్త చెప్పాలి. ద్రాక్ష పులిసేటప్పుడు తొక్కలన్నీ పైకి తేలి మందంగా అట్టకడతాయి. రంగూ వాసనా ఆ తొక్కల్లోనే ఉంటాయి కనుక అట్టను రోజుకు కొన్నిసార్లు కిందికి నొక్కి రసంలో ముంచాలి. లోతైన పెద్ద తొట్టిలో అయితే ఆ అట్ట మందం పెరిగిపోతుంది. వేడి లోపలే ఉడుకుతుంది. పాలతొట్టి వెడల్పు, లోతు తక్కువ. అట్ట పలచగా పరుచుకుంటుంది, మనిషి చేత్తో నొక్కగలడు, వేడి పైనుంచి పోతుంది. పలచని తొక్కగల పీనోకు ఇంతకన్న ఏం కావాలి? బీదరికం వల్ల కొన్న తొట్టి శాస్త్రం అయి కూర్చుంది.

ఇంకొకటి, తోడు. మన ఇళ్ళల్లో పాలకు తోడు వేసినట్టే ద్రాక్షరసం పులియడానికి కంటికి కనపడని ఈస్టు కావాలి. విలియమ్స్ ఒక పాత జిన్‌ఫండెల్ ద్రాక్షతోట నుంచి తనకు నచ్చిన ఈస్టు పట్టుకుని, దానినే ఏటేటా వాడుకున్నాడు. నిన్నటి పెరుగు చుక్క రేపటి పెరుగైనట్టు, ఆ ఈస్టు ఆ షెడ్డులో పరంపరగా సాగింది. ఇప్పుడు దానిని ప్రయోగశాలల్లో పెంచి అదే పేరుతో ఇతరులకూ అమ్ముతున్నారు.

1987లో కాలిఫోర్నియా రాష్ట్ర ప్రదర్శనలో పోటీ జరిగింది. రెండువేలకు పైగా వచ్చిన సీసాలలో వీళ్ళు 1985లో రోకియోలి ద్రాక్షతో చేసిన పీనోకు అత్యున్నత బహుమతి దక్కింది. పెద్ద పెద్ద భవంతులున్న కంపెనీలను కాదని, అద్దెషెడ్డు మనుషులు గెలిచారన్నమాట! దానితో ఉత్తరాలు కుప్పతెప్పలుగా వచ్చిపడ్డాయి. ఉన్నవి కొద్ది సీసాలు, కావలసినవాళ్ళు వేలమంది. సీసామీద బొమ్మ లేదు, ఒట్టి అక్షరాలే. అచ్చుపని తెలిసిన మనిషి సీసాకు చీటీ చక్కటి అక్షరం చాలునని అనుకున్నాడు కాబోలు.

అటువంటి ఉచ్ఛదశలో, 1998లో, ఇద్దరూ కంపెనీ అమ్మేశారు. ఎడ్ ఆరోగ్యం బరువుపనికి ఒప్పుకోవడం మానేసింది. ఇద్దరు కట్టిన పందిరి ఒక రాటతో నిలవదు. కొన్నది జాన్ డైసన్. ఈయన న్యూయార్కు రాష్ట్రంలో వ్యవసాయశాఖ, తరువాత వాణిజ్యశాఖ చూసినవాడు. “ఐ లవ్ న్యూయార్క్” అనే ప్రసిద్ధమైన ప్రచారం 1977లో ఆయన వాణిజ్యశాఖలో ఉండగానే మొదలయింది. హడ్సన్ నది లోయలో సొంత ద్రాక్షతోట కూడా ఉంది. అన్నిటికన్న ముఖ్యం, ఆయనా అంతకుముందు విలియమ్స్ సెల్యెం చందాదారే.

ఇక్కడ నాకు ఒక సందేహం కలిగింది. ఆయన కొన్నది ఏమిటి? భూమి లేదు. భవనం లేదు. కొన్ని పాలతొట్లు, పీపాలు, ఒక తోడు, ఒక పేరు, చందాదారుల చిట్టా, రైతులతో నోటిమాట మీద నడిచిన స్నేహాలు. ఇందులో ఒక మనిషి లేచిపోతే ఆవిరైపోయేవే ఎక్కువ. రైతు స్నేహం విలియమ్స్‌తో గాని కాగితంతో కాదు కదా! పీపాలో రసం ఎప్పుడు తీయాలో తెలిసిన ముక్కు ఇంటికి వెళ్ళిపోయింది. కొత్త ముక్కు కావాలి.

ఆ కొత్త మనిషి బాబ్ కాబ్రాల్. శాన్ వాకీన్ లోయలో ద్రాక్షరైతుల ఇంట పుట్టి, ఫ్రెస్నోలో చదువుకున్నాడు. విచిత్రమేమిటంటే అతనూ ఆ చందాదారుల జాబితాలోని వాడే. కొన్నవాడూ రసికుడే, వండవచ్చినవాడూ రసికుడే! అతడు పాలతొట్లు మార్చలేదు, తోడు మార్చలేదు, చేత్తో నొక్కడం మానలేదు. అయినా మొదటి ఏడాదినుంచే పెదవి విరుపులు వచ్చాయి. “అబ్బే, విలియమ్స్ చెయ్యి కాదు” అన్నారు.

ఇందులో ఒక చిక్కుంది. విలియమ్స్ చేసిన చివరి పంట 1997ది. ఆ ఏడు కాలిఫోర్నియాలో ఎండలు బాగా కాచి, ద్రాక్ష విరగకాసింది. కాబ్రాల్‌కు మొదటి పంట 1998. అది ఎల్‌నీనో వానల ఏడు. వసంతమంతా చలి, తడి, పంట ఆలస్యం. పక్కపక్కన రెండు సీసాలు పెట్టి, ఇది గురువు, ఇది వారసుడు అని తీర్పు చెప్పినవాళ్ళు గురువుకు ఎండను, వారసుడికి వానను జతచేసి తూచారన్నమాట. ఎంత తేడా చేతిదో, ఎంత తేడా మబ్బుదో విడదీసేదెవరు? తరువాత తరువాత కాబ్రాల్ చేసినవి కొంచెం పండిన రుచి, నిండుదనం ఎక్కువ అని తెలిసినవాళ్ళు కొందరు అంటారు. అది అతని చెయ్యే కావచ్చు. కాని ఆ మాట చెప్పడానికి ఒక్క ఏడాది చాలదు.

ఈ సంగతి వింటున్నంతసేపూ నా మనస్సు వేరొకచోట ఉంది. మా ఊళ్ళో మా గురువుగారు ముప్పై యేళ్ళకు పైగా నెలకొకసారి తమ ఇంటి వరండాలో సాహిత్యగోష్ఠి నడిపారు. పోయినేడు కళ్ళు సరిగా ఆనక, ఆ గోష్ఠి నా చేతిలో పెట్టారు. వచ్చేవాళ్ళు వస్తూనే ఉన్నారు. కాఫీ అదే, చాపలు అవే, చదివే కావ్యాలూ అవే. ముగిసి చెప్పులు తొడుక్కునేటప్పుడు మాత్రం ఎవరో ఒకరు “మాస్టారు ఉంటే ఈ పద్యం దగ్గర ఇంకోలా ఉండేదండీ” అంటారు. వాళ్ళది తప్పని నేననను. ఆ మాట నిజమే. కాని ఆ నిజంతో ఏం చేయాలన్నది నాకు ఇప్పటికీ తేలలేదు. వెస్ట్‌సైడ్ రోడ్డు మీద నేను వెతికింది వైనును గురించిన జవాబు కాదు.

తెలుగు మాస్టరుకు ఇలాంటప్పుడు ఎర్రన గుర్తుకు రాకుండా ఉంటాడా? నన్నయ అరణ్యపర్వం మధ్యలో వదిలిపోయాడు. తిక్కన దానిని ముట్టకుండా విరాటపర్వం నుంచి అందుకున్నాడు. మధ్యలో మిగిలిన గండి పూడ్చవలసి వచ్చినవాడు ఎర్రన. ఆయన నన్నయ ధోరణిలో మొదలుపెట్టి, మెల్లమెల్లగా తిక్కన ధోరణిలోకి దింపి, నన్నయ ఇచ్చిన చోటికే, రాజరాజనరేంద్రుడికే, అంకితం చేశాడు. తన పేరు దాచుకున్నాడు. ఆయనను ప్రబంధపరమేశ్వరుడని మనం పిలుచుకునేది మాత్రం ఆ గండి పూడ్చినందుకు ఒక్కటే కాదు. తన సొంత గ్రంథాలు రాసినందుకు కూడా. వారసుడు మొదట దాగాలి, తరువాత కనపడాలి. రెంటిలో ఏది మానినా నష్టమే.

కంపెనీ ఇప్పటి భవనం చూశాక ఈ మాట ఇంకా బలపడింది. 2010లో కట్టారు. పీపాను తలపించే వంపు తిరిగిన ఆకారం, చుట్టూ తోట. ముందే కబురు పెట్టుకుని వెళ్ళినవాళ్ళను కూర్చోబెట్టి, గ్లాసులు వరసగా పెట్టి రుచి చూపిస్తారు. మా మేనల్లుడు రుచి చూశాడు. నేను వాసన చూశాను. తడిసిన అడవి నేల, పండిన చెర్రీపళ్ళు, ఎక్కడో కాస్త చాయ్‌పత్తి. నా ముక్కుకు తోచింది అంతే. ఈ భవనమూ, డైసన్ కుటుంబం వేయించిన సొంత తోటలూ విలియమ్స్ రోజుల్లో లేవు. ఆయన ఉన్నన్నాళ్ళు వాటి అవసరం రాలేదు. రైతు ఫలానా వరస ద్రాక్ష ఆయనకే ఇచ్చేవాడు, ఎందుకంటే ఆయన విలియమ్స్ కనుక. ఆయన పోయాక ఆ “ఎందుకంటే” బలహీనపడింది. రోకియోలి కుటుంబానికి సొంతంగా వైను తయారీ ఉంది. ఇప్పటి సీసాలమీద “రోకియోలి రివర్ బ్లాక్” అని ఒక భాగం పేరు కనపడుతుంది. వెనకటి సీసాల మీద ఒట్టి రోకియోలి తోట పేరే. కొత్త యజమాని నోటిమాటను నమ్ముకోకుండా భూమిని నమ్ముకున్నాడు. అది పిరికితనమేం కాదు, బాధ్యత. మనిషి స్థానంలో ఇంకో మనిషిని పెట్టవచ్చు గాని స్నేహం స్థానంలో స్నేహాన్ని పెట్టలేం. అక్కడ పొలం పెట్టాలి.

ఫలితం బాగానే వచ్చింది. ఆ సొంత తోటలలో ఒకటైన లిట్టన్ ఎస్టేటులో 2007లో పండిన పీనోకు ఒక ప్రసిద్ధ వైను పత్రిక నూటికి నూరు వేసింది. కాబ్రాల్ పేరు మారుమోగింది. గమనించండి, ఆ నూరు మార్కులు వచ్చింది వ్యవస్థాపకులు ఎన్నడూ అడుగుపెట్టి వైను చేయని నేల నుంచి! ఆ తొట్లూ, ఆ తోడూ, ఆ చేతి పద్ధతీ అలాగే ఉండగా, నేల మాత్రం కొత్తది. కాబ్రాల్ సొంత కావ్యం అదేననుకుంటాను.

పోయినదేమిటని కూడా చెప్పాలి కదా. సీసాల రకాలు పెరిగాయి, తోటల పేర్లు పెరిగాయి, పనివాళ్ళు పెరిగారు. పాతరోజుల్లో ద్రాక్ష నొక్కిన చెయ్యే పెట్టెలు కట్టి పంపేది. తాగేవాడికీ చేసేవాడికీ మధ్య ఉత్తరం ఒక్కటే దూరం. ఇప్పుడు ఆ మధ్య ఒక సంస్థ ఉంది. మంచి సంస్థే. మర్యాద తెలిసిన సంస్థ. అయినా సంస్థే.

ఆ తరువాత రెండోసారి చేయి మారింది. 2014 పంట తరువాత కాబ్రాల్ వేరే కంపెనీకి వెళ్ళాడు. పగ్గాలు జెఫ్ మంగహాస్ అందుకున్నాడు. ఈయన వైనులోకి రాకముందు క్యాన్సరు పరిశోధనలో జీవశాస్త్రం పని చేసినవాడు. 2011 నుంచి కాబ్రాల్ పక్కన నిలబడి పని చేశాడు కనుక ఈసారి గురువూ శిష్యుడూ ఒకే కొట్టులో కొన్ని పంటలు కలిసి చూశారు.

ఈ వివరం చెప్పగానే మా మేనల్లుడిని అడిగాను. “ఏరా, నువ్వు ఈ జాబితాలో చేరింది ఎప్పుడు?”

“2013లో, మామయ్యా.”

“మునుపటి రుచి అన్నావే, ఆ మునుపు ఎప్పుడు?”

వాడు తడుముకున్నాడు. “కాబ్రాల్ ఉన్నప్పటిదండీ.”

చూశారా! కాబ్రాల్ వచ్చిన కొత్తలో అతడిని చూసి పెదవి విరిచినవాళ్ళు ఉండగా, మావాడికి అతడే స్వర్ణయుగం. వాడికి విలియమ్స్ ఎవరో చీటీ మీద పేరు తప్ప తెలియదు. ఎవరు ఏ పంటలో చేరితే ఆ పంటే వాళ్ళకు అసలు రుచి. నాలుక మొదటిసారి విప్పారిన రోజును మళ్ళీ ఎవరూ సీసాలో పోసి పంపలేరు. ఇది విన్నాక నాకు గోష్ఠిలో చెప్పులు తొడుక్కునే పెద్దమనుషుల మీద ఉన్న చిన్న కినుక కూడా పోయింది. వాళ్ళు అడిగేది గురువుగారినే కాదు. ఆయన దగ్గర మొదటిసారి కావ్యం విన్న తమ ఇరవయ్యో ఏటిని. ఈ నెల కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు ఇద్దరు ముగ్గురు, ఇంకో ముప్పై యేళ్ళకు నన్ను అడుగుతారేమో!

మార్పు ఇంకా ఆగలేదు. 2020 ఆగస్టులో ఈ కొండలకు నిప్పంటుకుని, గెర్న్‌విల్ దగ్గరి ఎర్రచెట్ల అభయారణ్యం దాకా మంట పాకింది. చాలా తోటల్లో ద్రాక్ష పొగచూరింది. అటువంటి ఏడు ఎంతటి గురువు చేతికైనా పరీక్షే. 2021లో బర్గండీలోని నూయీ సెంజార్జెలో 1825 నుంచి వైను చేస్తున్న ఫేవలీ కుటుంబంవారు ఈ కంపెనీలో వాటా కొన్నారు. పీనో తీగ పుట్టింటివాళ్ళు మెట్టినింటికి వచ్చినట్టయింది.

ఇక, అమ్మేసి వెళ్ళిన బర్ట్ విలియమ్స్ ఏం చేశాడు? ఊరికే కూర్చోలేదు. జీవితమంతా ఇతరుల ద్రాక్షతో పేరు తెచ్చుకున్న ఆ మనిషి, ఉత్తరాన ఆండర్సన్ లోయలో నేల కొని, పీనో తీగ నాటి, రైతు అయ్యాడు. ఆ తోటకు మార్నింగ్ డ్యూ రాంచ్ అని పేరు పెట్టుకున్నాడు. పొద్దుటి మంచుబిందువు అన్నమాట. తాను నాటిన ద్రాక్షను ఇతరులకు అమ్మాడు. అలా కొన్నవాళ్ళలో విలియమ్స్ సెల్యెం కూడా ఉంది.

తిరిగి వచ్చిన రాత్రి మా మేనల్లుడు అటకలోంచి ఒక సీసా తీసి నా చేతికిచ్చాడు. బొమ్మ లేదు, ఒట్టి అక్షరాలు. పైన కంపెనీ పేరు విలియమ్స్ సెల్యెం. దాని కింద తోట పేరు: బర్ట్ విలియమ్స్ మార్నింగ్ డ్యూ రాంచ్. ఒకే చీటీ మీద ఆయన పేరు రెండుసార్లు ఉంది. మొదటిది ఆయన అమ్మేసిన పేరు. రెండోది నేల తవ్వి సంపాదించుకున్న పేరు. తన కొట్టులోకి తానే రైతుగా ద్రాక్ష పంపితే, తన తొట్ల దగ్గర నిలబడి, తన తోడు వేసి, వేరొకరు వైను చేశారు. ఆయన 2019 డిసెంబరులో కన్నుమూశాడు.

“ఈ ఏడు ఏం చేస్తావురా?” అని అడిగాను.

“డబ్బు పంపేస్తాను మామయ్యా. ఈ సీసా మాత్రం ఇప్పుడే తెరవను” అన్నాడు వాడు.

నేను ఊరికి వచ్చాక గోష్ఠి తేదీ వేసి, గురువుగారింటికి వెళ్ళి చెప్పాను. కళ్ళు కనపడకపోయినా చెవులు బాగానే వినపడతాయి కదా, అధ్యక్షుడిగా కాక శ్రోతగా వచ్చి కూర్చోండి అన్నాను. ఆయన నవ్వి, చాప ఎక్కడ వేస్తావు అని అడిగారు.